అద్దం ఎవరి కోసం?

పోర్ట్రెయిట్ చిత్రకళ గురించి పాఠకుల ఉత్తరాలకు ఈ నెల జవాబులు

ప్రశ్న: మేడం, ఈమధ్య ఒక గ్రూప్ షోలో నావి నాలుగు సెల్ఫ్ పోర్ట్రెయిట్లు పెట్టాను. చూసినవాళ్లలో ఒకాయన “అన్నీ మీ ముఖాలేనా? మీకు మీరంటే బాగా మోజున్నట్టుందే” అన్నాడు. ఇంట్లో అత్తగారు “సత్యభామలా ఎప్పుడూ అద్దం ముందే” అంటారు. అదే షోలో ఒక మిత్రుడు కూడా తన బొమ్మలు తానే వేసుకుని పెట్టాడు. ఆయన్ని మాత్రం “ఆత్మాన్వేషణ” అని మెచ్చుకున్నారు. నాది నార్సిసిజం, అంటే స్వీయమోహమేనా?
– ఒక చిత్రకారిణి

జవాబు: కాదమ్మా. ఒకే పని ఇద్దరు చేస్తే మీకు జబ్బు పేరు, ఆయనకు బిరుదు దక్కాయి. వాళ్లన్న మాట కన్నా, ఆ మాటను మీరు సగం నమ్మేసి నాకు ఉత్తరం రాయడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

నీళ్లలో తన నీడను చూసి మోహపడి అక్కడే కృశించిపోయిన నార్సిసస్ గ్రీకు కథలో మగపిల్లవాడు. కారవాజియో 1597–99 ప్రాంతంలో వేసిన బొమ్మలోనూ కుర్రవాడే, మోకాళ్ల మీద వంగి నీళ్లలోకి చూస్తుంటాడు. మరి ఆ మగవాడి జబ్బు ఆడవాళ్ల ఖాతాలోకి ఎలా వచ్చింది? అందులో చిత్రకారుల పాత్ర తక్కువేం కాదు. ఆడమనిషిని నగ్నంగా నిలబెట్టి, చేతికి అద్దమిచ్చి, ఆ బొమ్మకు “డాంబికం” అని పేరు పెట్టడం యూరప్‌లో చాలాకాలం నడిచింది. 1485 ప్రాంతంలో హాన్స్ మెమ్లింగ్ వేసిన బొమ్మ అలాంటిదే. ఆమె ఆ అద్దం అడగలేదు. నింద మాత్రం ఆమెకు మిగిలింది.

ఈ తరహా బొమ్మల్లో అందరికీ తెలిసినది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ వేసిన ప్రేమదేవత వీనస్. 1647–51 మధ్య వేసిన బొమ్మ. వీనస్ మనకు వీపు పెట్టి పడుకుని ఉంటుంది, ఆమె కొడుకు క్యూపిడ్ అద్దం పట్టుకుని ఉంటాడు, అద్దంలో ఆమె ముఖం మసకగా కనిపిస్తుంది. తన అందం తాను చూసుకుంటోందని అందరూ అనుకుంటారు. ఒక్కసారి ఆలోచించండి. అద్దంలో ఆమె ముఖం నాకు కనిపిస్తోందంటే, ఆ అద్దంలో ఆమెకు కనిపించేది నా ముఖం. కాంతికి వేరే దారి లేదు. ఇంట్లో అద్దం దగ్గర ఒక మనిషిని పక్కకు నిలబెట్టి చూస్తే తెలిసిపోతుంది. కాబట్టి వీనస్ తనను తాను చూసుకోవడం లేదు. ఎదురుగా నిలబడ్డ చిత్రకారుణ్ణి చూస్తోంది, ఇప్పుడు మనల్ని చూస్తోంది. ఆ అద్దం ఆమె కోసం పెట్టింది కాదు, మన కోసం పెట్టింది.

1914 మార్చి 10న మేరీ రిచర్డ్‌సన్ అనే స్త్రీల ఓటుహక్కు ఉద్యమకారిణి మాంసం కొట్టే కత్తితో ఈ కాన్వాస్‌ను చీల్చింది. తమ నాయకురాలు ఎమెలిన్ పాంక్‌హర్స్ట్ అరెస్టుకు నిరసన అని అప్పుడు చెప్పింది. చాలా ఏళ్ల తర్వాత, మగవాళ్లు రోజంతా ఆ బొమ్మ ముందు నోరు తెరుచుకుని నిలబడటం తనకు నచ్చలేదని కూడా చెప్పింది. బొమ్మ మీద కత్తి పెట్టడాన్ని నేను ఏనాటికీ ఒప్పుకోలేను. ఆమె కోపం మాత్రం నాకు అర్థమవుతుంది. అదే 1914లో మనోవిశ్లేషకుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ నార్సిసిజం మీద వ్యాసం ప్రచురించాడు. తనను తానే ప్రేమించుకునే తత్వం ముఖ్యంగా స్త్రీలదని అందులో రాశాడు. మీ షోలో మాట విసిరిన ఆయన ఫ్రాయిడ్‌ను చదివి ఉండకపోవచ్చు. ఆ నమ్మకం మాత్రం అక్కడి నుంచీ, అంతకు ముందటి నుంచీ నడిచి వచ్చి ఆయన నోట పలికింది.

ఇక మీ పని సంగతి. ఆడవాళ్లు తమ బొమ్మలు తామే వేసుకోవడానికి పెద్ద కారణం మోజు కాదు, మోడల్ దొరక్కపోవడం. పారిస్‌లోని పేరున్న కళాశాల ఎకోల్ దె బోజార్ స్త్రీలను చేర్చుకున్నదే 1897లో. మనిషి శరీరం చూసి గీయడం నేర్చుకునే గదిలోకి అడుగు పెట్టనివ్వకపోతే ఇంట్లో మిగిలేది అద్దమే. జర్మన్ చిత్రకారిణి పౌలా మోడర్‌సోన్-బెకర్ 1906 మే నెలలో, తన పెళ్లిరోజున, పారిస్‌లో ఒంటరిగా ఉంటూ తనను తాను అర్ధనగ్నంగా, గర్భిణిలా వేసుకుంది. అప్పటికి ఆమె గర్భవతి కాదు. లేని కడుపును చేతులతో చుట్టుకుని నిలబడి ఉంటుంది ఆ బొమ్మలో. 1907 నవంబరులో, బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే చనిపోయింది. అప్పటికి 31 ఏళ్లు. ఆ బొమ్మ చూసి “తనంటే తనకు ఎంత మోజో” అనగలిగేవాళ్లు ఉంటారా?

మీరు అద్దం ముందు కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. మొదటి పావుగంట అది మీ ముఖం. ఆ తర్వాత అది ముఖంగా ఉండదు. ముక్కు పక్కన పడే నీడలో ఆకుపచ్చ ఎంత, చెవి తమ్మె దగ్గర ఎరుపు ఎందుకు అంత వెచ్చగా ఉంది, ఎడమ రెప్ప కుడి రెప్ప కన్నా ఎంత కిందికి వాలింది, ఇవే మిగులుతాయి. ముస్తాబు కోసం చూసుకునేటప్పుడు కన్ను బాగున్న చోట ఆగుతుంది. బొమ్మ కోసం చూసేటప్పుడు అంతుపట్టని చోట ఆగుతుంది. మీరు పంపిన ఫొటోల్లో మూడో బొమ్మ చూశాను. గడ్డం కింద వదులైన చర్మాన్ని మీరు దాచలేదు, అక్కడే ఎక్కువసేపు పని చేశారు. తన మీద మోజున్న మనిషి అక్కడ బ్రష్ పెట్టదు.

ఆలిస్ నీల్ 1980లో, 80 ఏళ్ల వయసులో పూర్తి చేసిన సెల్ఫ్ పోర్ట్రెయిట్ ఒకసారి చూడండి. నీలం చారల కుర్చీలో నగ్నంగా కూర్చుని ఉంటుంది. కళ్లజోడు, చేతిలో బ్రష్, జారిన ఒళ్లు, ఎర్రబారిన చెంపలు. జీవితమంతా ఇతరుల పోర్ట్రెయిట్లు వేసిన మనిషి, వాళ్లను ఎంత నిక్కచ్చిగా చూసిందో తననూ అంతే నిక్కచ్చిగా చూసుకుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ మనవడు లూసియన్ ఫ్రాయిడ్ కూడా 1993లో తనను నగ్నంగా వేసుకున్నాడు, కాళ్లకు లేసులు కట్టని బూట్లతో, చేతిలో ప్యాలెట్‌తో. రెండూ నాకు ప్రాణమైన బొమ్మలే. రెండింట్లో ఉన్నది ఒకే నిజాయితీ. మీ మిత్రుడి బొమ్మల్లో అన్వేషణ ఉంటే సంతోషం, మీ వాటిలోనూ అదే ఉంది.

జెన్నీ సావిల్ 1992లో వేసిన “ప్రాప్డ్” గురించి కూడా చెప్పాలి. ఎత్తు స్టూలు మీద కూర్చున్న భారీ శరీరం, తొడల్లో దిగబడ్డ వేళ్లు, వెనక్కి వాల్చిన తల. కాన్వాస్ మీద అక్షరాలు తిరగేసి చెక్కి ఉంటాయి, అద్దంలో చూస్తే తప్ప సరిగ్గా చదవలేం. అంటే ఈసారి అద్దం చూసేవాళ్ల చేతికి వచ్చింది. 2018 అక్టోబరులో ఆ బొమ్మ 95 లక్షల పౌండ్లకు అమ్ముడై, జీవించి ఉన్న చిత్రకారిణుల్లో రికార్డు అయింది. మరుసటి నెలలోనే డేవిడ్ హాక్నీ బొమ్మ ఒకటి 9 కోట్ల డాలర్లకు పైగా పలికి, జీవించి ఉన్న కళాకారులందరిలో రికార్డు అయింది. ధరను బట్టి బొమ్మ మంచిచెడ్డలు తేల్చలేం. ఎవరి చూపుకు లోకం ఎంత విలువ కడుతోందో తెలుసుకోవాలంటే మాత్రం ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

మీ అత్తగారిని ఒకరోజు మోడల్‌గా కూర్చోబెట్టండి. ఒప్పించడానికి కాదు, ఆమె ముఖం గీయడానికి. సిట్టింగ్ అంటే ఏమిటో ఆమెకూ తెలుస్తుంది, మీకు కొత్త మోడల్ దొరుకుతారు.

ప్రశ్న: చిత్రకళ అంటే ఇష్టంతో ఎగ్జిబిషన్లు చూసే రిటైర్డ్ ఉపాధ్యాయుణ్ణి. ఇప్పటి పోర్ట్రెయిట్లలో ఎక్కడ చూసినా వేసినవాళ్ల ముఖాలే. ఇది సెల్ఫీ కాలపు జాడ్యం కాదా? నార్సిసిజం అసలు లేదంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఉందండీ, తప్పకుండా ఉంది. కాకపోతే అది సెల్ఫ్ పోర్ట్రెయిట్‌లోనే ఉంటుందని మనం అనుకుంటున్నాం. చిత్రకళను కనిపెట్టింది నార్సిసస్ అని ఇటలీ కళాసిద్ధాంతకర్త అల్బెర్తి 1435లోనే రాశాడు. నీటి ఉపరితలాన్ని కళతో కౌగిలించుకోవడమే బొమ్మ గీయడమని ఆయన భావం. కాబట్టి సందేహం సెల్ఫీ కన్నా చాలా పాతది. రెంబ్రాంట్ పెయింటింగులూ ఎచింగులూ (లోహపు రేకు మీద గీసి అచ్చు వేసే బొమ్మలు) కలిపి ఎనభై దాకా సొంత ముఖాలు వదిలివెళ్లాడు. ఆయనకు ఆ రోగం ఉందని మీరు అనరు.

“ప్రతి చిత్రకారుడూ తననే గీసుకుంటాడు” అని ఇటలీలో ఒక నానుడి ఉండేది. లియొనార్డో దాన్ని గొప్పగా చెప్పలేదు, హెచ్చరికగా చెప్పాడు. ఎవరి ముఖం వేస్తున్నా తెలియకుండానే తన పోలికలు, తన ఇష్టాలు అందులోకి జారిపోతాయని, దానితో పోరాడమని విద్యార్థులకు రాశాడు. అసలైన స్వీయమోహం అక్కడ ఉంది. ఒక చిత్రకారుడి షోకి వెళ్తే పదిమంది స్త్రీల పోర్ట్రెయిట్లు. అందరికీ అవే సగం వాలిన రెప్పలు, అదే పొడవాటి మెడ, అదే బాధ. పదిమంది వచ్చి కూర్చున్నా ఒక్కరు కూడా కాన్వాస్ మీదికి రాలేదు, వచ్చింది ఆయన కల ఒక్కటే. గోడ మీద ఆయన ముఖం ఎక్కడా లేదు, అయినా గదంతా ఆయనే. దీన్ని ఎవరూ నార్సిసిజం అనరు, “శైలి” అంటారు.

అందుకే నాకు సీలియా పాల్ ముఖ్యమైన చిత్రకారిణి. లూసియన్ ఫ్రాయిడ్‌కు ఆమె ఎన్నో ఏళ్లు మోడల్‌గా కూర్చుంది. 1986–87లో ఆయన వేసిన “పెయింటర్ అండ్ మోడల్”లో ఆమె బట్టలు కట్టుకుని బ్రష్ పట్టుకున్న పెయింటర్, మోడల్ సోఫాలో పడుకున్న నగ్న పురుషుడు. ఉదారమైన బొమ్మే. కానీ ఆమెకు బ్రష్ ఇచ్చింది కూడా ఆయన బ్రషే. 2012లో ఆమె అదే పేరుతో తన బొమ్మ తానే వేసుకుంది. అందులో పెయింటరూ ఆమే, మోడలూ ఆమే, రంగులంటిన దుస్తుల్లో నిశ్చలంగా కూర్చుని ఉంటుంది. పాతికేళ్ల తర్వాత ఇచ్చిన ఆ సమాధానంలో స్వీయమోహం నాకు ఒక్క చుక్క కూడా కనిపించదు. తన ముఖం మీద తనకున్న హక్కును తిరిగి తీసుకోవడం కనిపిస్తుంది. చాంటల్ జోఫీ 2018లో ఏడాది పొడుగునా రోజూ తన ముఖం వేసుకుంది. ఆ వరసలో అలసిన ముఖాలే ఎక్కువ. ఒక్కటి కూడా మెప్పు కోసం వేసినట్టు ఉండదు.

మీ అనుమానంలో కొంత నిజం ఉన్నదని ఒప్పుకుంటాను. ఒకే కోణం, ఒకే పక్కచూపు, ఒకే పొందికైన విచారంతో సొంత ముఖాన్ని ట్రేడ్‌మార్క్‌లా అచ్చు వేస్తున్న పెయింటర్లు ఉన్నారు. వాళ్లలో ఆడా మగా ఇద్దరూ ఉన్నారు. ఈసారి ఎగ్జిబిషన్‌లో ఇలా చూడండి: ఈ ముఖంలో వేసినవాళ్లకు ముందే తెలియనిది ఏదైనా ఉందా? ఉంటే అది ఎవరి ముఖమైనా ఒకటే.

ప్రశ్న: నేను ఆర్డర్ల మీద పోర్ట్రెయిట్లు వేస్తాను. రంగు పెంచమంటారు, నడుం తగ్గించమంటారు. ఆడవాళ్లతోనే ఈ ఇబ్బంది ఎక్కువ కదా?
– ఒక ఆర్టిస్ట్

జవాబు: నా అనుభవం అలా లేదు. ఆడవాళ్లు కుర్చీలో కూర్చోకముందే క్షమాపణ చెప్పేస్తారు, “ఈ కళ్ల కింద నలుపు చూడకండి” అని. అది మోజు కాదు, భయం. మగవాళ్లు ముందు ఏమీ అడగరు, బొమ్మ పూర్తయ్యాక అడుగుతారు: భుజాలు ఇంకొంచెం, నుదుటి మీద జుట్టు ఇంకొంచెం. చరిత్రలో పెద్ద గొడవలు చేసింది కూడా వాళ్లే. 1954లో చర్చిల్ 80వ పుట్టినరోజుకు బ్రిటిష్ పార్లమెంటు సభ్యులు గ్రాహం సదర్లాండ్ చేత ఆయన పోర్ట్రెయిట్ వేయించి ఇచ్చారు. వయసు దాచకుండా వేసినందుకు చర్చిల్‌కు అది గిట్టలేదు. కుటుంబం చివరికి దాన్ని నాశనం చేయించింది, మనకు ఫొటోలూ, దానికోసం ముందుగా వేసుకున్న స్టడీలూ మిగిలాయి. 2018లో తన పోర్ట్రెయిట్ ఆవిష్కరణలో బరాక్ ఒబామా, నెరిసిన జుట్టు తగ్గించమని, చెవులు చిన్నవి చేయమని తాను అడిగినా పెయింటర్ కెహిండే వైలీ ఒప్పుకోలేదని నవ్వుతూ చెప్పాడు. ఒప్పుకోకపోవడం వైలీ గౌరవం, దాన్ని నలుగురిలో చెప్పడం ఒబామా గౌరవం.

మీరు చేయగలిగింది ఒకటుంది. మొదటి సిట్టింగ్‌లో రంగులు తీయకండి. స్కెచ్ వేసి వాళ్లకు చూపించండి, వాళ్లకు ఏది కష్టంగా ఉందో అప్పుడే చెప్పనివ్వండి. వెలుతురు మార్చవచ్చు, కోణం మార్చవచ్చు. చర్మం రంగు మాత్రం మార్చకండి. ఆర్డర్ పోతే పోనివ్వండి. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ మాట పట్టుదలగా చెబుతున్నాను. తెల్లబరిచిన ఆ బొమ్మ ఇంటి గోడ మీద వేలాడుతూ ఆ పిల్లకు జీవితాంతం ఏం చెబుతుందో ఆలోచించండి.

ప్రశ్న: ఆర్ట్ కాలేజీలో చదువుతున్న అబ్బాయిని. చొక్కా లేకుండా, చుట్టూ పూలతో, పక్కకు ఒరిగి పడుకున్నట్టు నన్ను నేను వేసుకున్నాను. క్లాసులో “ఇది ఆడవాళ్ల పోజు, నీకెందుకు” అన్నారు. బొమ్మ చించేయాలనిపిస్తోంది.

జవాబు: చించకు బాబూ. ఇందాక చెప్పిన ఒబామా పోర్ట్రెయిట్‌లో ఆయన వెనక ఏముందో తెలుసా? నిండా ఆకులు, వాటి మధ్య చామంతులు, మల్లెలు, ఆఫ్రికా నీలి లిల్లీలు. ఆయన జీవితంతో ముడిపడ్డ చోట్లకు గుర్తుగా వైలీ పెట్టాడు. దేశాధ్యక్షుడు పూలలో కూర్చుంటే తగ్గిపోలేదు. వైలీ పనంతా ఇదే: రాజులూ సేనానులూ నిలబడ్డ భంగిమల్లో వీధుల్లో కలిసిన నల్లజాతి యువకులను నిలబెట్టి, వెనక పూల నేత వేస్తాడు. 2005లో, ఫ్రెంచ్ చిత్రకారుడు దావీద్ వేసిన నెపోలియన్ గుర్రం మీద మిలిటరీ ప్యాంటు వేసుకున్న కుర్రవాణ్ణి ఎక్కించాడు.

ఇక పడుకున్న పోజు. సిల్వియా స్లీ 1973లో “టర్కిష్ బాత్” పేరుతో నగ్న పురుషులను వేసింది. వాళ్లలో ఆమె భర్త ఉన్నాడు, కళావిమర్శకులు ఉన్నారు. అదే పేరుతో ఎంగ్ర్ 1862లో వేసిన బొమ్మలో స్త్రీలందరూ ఒకే అచ్చులోంచి వచ్చినట్టు ఉంటారు. స్లీ బొమ్మలో ఒకరి ఛాతీ మీది వెంట్రుకలు ఇంకొకరికి ఉండవు, ఒకరి ఒంటి రంగు ఇంకొకరిది కాదు. వాళ్ల పేర్లు చెప్పగలిగేంత వేర్వేరుగా ఉంటారు. చూపు ఆడదా మగదా అన్నది కాదు నాకు ముఖ్యం, ఎదుటివాణ్ణి ఒక మనిషిగా చూసిందా లేదా అన్నదే.

భూపేన్ ఖక్కర్ 1981లో “అందరినీ మెప్పించలేవు” అనే అర్థం వచ్చే పేరుతో ఒక బొమ్మ వేశాడు, ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. బాల్కనీలో ఒక నగ్న పురుషుడు వీపు మనవైపు పెట్టి నిలబడి ఉంటాడు. కింద తండ్రీ కొడుకూ గాడిద కథ జరుగుతుంటుంది. ఎవరెక్కినా లోకం ఏదో ఒకటి అంటుందని మనందరం చిన్నప్పుడు విన్న కథే. తాను మగవాళ్లను ప్రేమించే మనిషినని ఖక్కర్ ఆ బొమ్మతో లోకానికి చెప్పుకున్నాడు. నీ బొమ్మ అలాంటి మాటే చెప్పాలని నేననడం లేదు. అది ఏం చెబుతోందో నువ్వే చూసుకో. పూలు బాగున్నాయి. కుడిచెయ్యి మాత్రం బలహీనంగా ఉంది, మణికట్టు ఎముక కనబడటం లేదు. క్లాసులో అనాల్సిన మాట అది.

ప్రశ్న: అద్దం చూసి వేయాలా, ఫోన్‌లో సెల్ఫీ తీసుకుని వేయాలా?

జవాబు: నేర్చుకునేటప్పుడు అద్దమే. చేతి దూరంలో తీసిన సెల్ఫీలో దగ్గరగా ఉన్న ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. చాలా ఫోన్లు అడక్కుండానే చర్మాన్ని నునుపు చేసేస్తాయి. పైగా సెల్ఫీలో మీరు ఇతరుల కోసం పెట్టిన ముఖం ఉంటుంది. అద్దం ముందు ఆ ముఖాన్ని అంతసేపు పట్టి ఉంచడం ఎవరి వల్లా కాదు, కాసేపటికి కండరాలు వదిలేస్తాయి. పోర్ట్రెయిట్ అప్పుడు మొదలవుతుంది.

అద్దంలో కుడి ఎడమలు మారతాయని గుర్తుంచుకోండి, కుడిచేతి వాటం పెయింటర్ అద్దంలో ఎడమచేత్తో వేస్తున్నట్టు కనిపిస్తుంది. ఆర్టెమీసియా జెంటిలెస్కి 1638–39లో చిత్రకళాదేవతగా తనను తాను పక్క నుంచి వేసుకున్నప్పుడు రెండు అద్దాలు వాడి ఉంటుందని అంటారు. మీరూ రెండు అద్దాలు ఒక మూలలా నిలబెట్టి చూడండి, మీకు అలవాటు లేని మీ పక్కముఖం కనిపిస్తుంది. ఈజిల్‌ను అద్దానికి ఆనుకుని పెట్టండి, తల తిప్పకుండా కళ్లు మాత్రమే కదిలేలా. వెలుతురు ఒకే వైపు నుంచి రానివ్వండి. మొదటి వారం బొగ్గుతోనే వేయండి, రంగు వద్దు.